ఆవిరి చూసి ఉప్పు చెప్పే మనిషి

పోయిన వారం మీరు నన్ను రేవు పక్క పాక హోటల్ పెరట్లో, అరటి చెట్ల చాటున నిలబెట్టి వెళ్ళిపోయారు. మీరు హాయిగా అన్నాలు తిన్నారు, నిద్రపోయారు, పనులు చూసుకున్నారు. నేను మాత్రం అక్కడే ఉన్నాను. దోమలు కుడుతున్నాయి. చీర కుచ్చిళ్ళు బురదలో నానుతున్నాయి. కళ్ళెదురుగా ఏ పెళ్ళామూ చూడకూడనిది కనిపిస్తోంది.

మా ఆయన పీట మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ఆ హోటల్ నడిపే ఆవిడ ఎదురుగా కూర్చుని, చెంచాతో ఏదో తీసి ఆయన నోట్లో పెడుతోంది. ఆయన చప్పరిస్తున్నారు. ఆవిడ "ఊఁ, చెప్పండి" అంటోంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. మా ఇంటి పిల్లికి ఆ బుద్ధి ఇంత వయసొచ్చాక పుట్టింది.

ఈ వారమే నా గోడు వినడానికి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. మా ఆయన పెళ్ళిళ్ళకు వండే మేస్త్రి. వంట ముగిసి పంక్తి లేచేదాకా నాలుక మీద చుక్క వేసుకోరు. పదిమందికి పెట్టబోయేదాన్ని వండినవాడు ముందుగా ఎంగిలి చేయకూడదన్నది వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న పట్టింపు. గుండిగ మూత తీసి, ఆవిరిని అరచేత్తో ముక్కు వైపు విసురుకుని, "ఉప్పు గుప్పెడు తగ్గింది" అంటారు. ఆయన తగ్గిందంటే తగ్గినట్టే. ఆ ముక్కు మీదే మా ఇల్లు నడిచింది, మా అమ్మాయి పెళ్ళి జరిగింది. ఇప్పుడు అల్లుడు కూడా ఆ ముక్కును నమ్ముకునే ఉన్న ఉద్యోగం మానేశాడు. ఈ ద్వీపంలో సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన హోటల్లో మామగారు వంటింటికి పెద్ద, తను మేనేజరు అని వాడి లెక్క. సెలవులు గడపడానికి, నాలుగు రకాలు తినడానికి అని చెప్పి మమ్మల్ని తీసుకొచ్చాడు గానీ అసలు సంగతి అది. హోటల్ యజమాని ఇంకా అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఇక్కడ దిగినప్పటి నుంచి మా ఆయన తీరు నాకు అంతు పట్టడం లేదు. ఒకరి వంటను మెచ్చుకుని ఎరగని మనిషి. నా వియ్యపురాలు నెయ్యి కారేలా చేసిపెట్టిన మిఠాయిని కూడా "పాకం కాస్త ముదిరింది" అని పక్కన పెట్టిన మనిషి. అలాంటిది ఈ ద్వీపంలో ఏ బండి దగ్గర ఆగినా, ఏ పాకలో కూర్చున్నా "బాగుంది" అంటున్నారు. బొగ్గుల మీద ఒక పక్క పూర్తిగా మాడిపోయిన చేపను తిని "బ్రహ్మాండం" అన్నారు. కొబ్బరి నీళ్ళలో నిమ్మకాయ పిండుకుని తాగారు. పచ్చి బొప్పాయిని కారంలో అద్దుకుని తిన్నారు. పచ్చిమిరపకాయలు ఊరికే కొరికారు. మధ్యాహ్నం అయ్యేసరికి చెప్పకుండా మాయమైపోయేవారు. ఎవరి వంటనైనా మెచ్చుకోవడం మొదలెట్టిన మగాడు మనసెక్కడో పారేసుకున్నట్టేనని మా మేనత్త అనేది. ఆ మాట గుర్తొచ్చే ఇవాళ వెనకే వచ్చాను.

ఇక ఉండబట్టలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. కొంగు నడుముకు బిగించి అరటి చెట్ల చాటు నుంచి బయటికొచ్చాను.

"బాగుందా?" అన్నాను.

మా ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశారు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు. పాకావిడ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునే ఉంది.

"రా అక్కా. ఉండు, పీట తుడుస్తాను" అంది.

"అక్కట అక్క! ఎక్కడి చుట్టరికం కలుపుతున్నావు? ముందు ఆ చెంచా కింద పెట్టు."

పెట్టింది. ఎదురు తిరిగి ఒక మాట అని ఉంటే నాకు బాగుండేది. ఇలా చెప్పినట్టు వినే మనిషితో పోట్లాట ఎలా మొదలు పెట్టాలో తెలియక మా ఆయన మీదికి తిరిగాను.

"ఏమండీ, ఇంట్లో కంచం ముందు పెడితే అందులో ఏముందో కూడా చూడరే! ఇక్కడ చంటిపిల్లాడిలా నోరు తెరుస్తున్నారా? అల్లుడు చూస్తే ఏమనుకుంటాడు? ఆ హోటలాయన చూస్తే? తగుదునమ్మా అని సెలవులకొచ్చి ఇదా మీరు వెలగబెడుతున్నది?"

"నువ్వనుకునేది కాదే" అన్నారు.

"నేనేం అనుకుంటున్నానో మీకేం తెలుసు?"

"నీ మొహం చూస్తే తెలీదా?"

ఆవిడ ముందు చిన్న గిన్నెలు వరసగా ఉన్నాయి. అంత ముద్దుగా తినిపిస్తున్న అమృతమేమిటో నేనూ చూద్దామని ఒకటి ఎత్తి నోట్లో పోసుకున్నాను. ఉప్పునీళ్ళు! తుపుక్కున ఉమ్మేశాను. పక్కది తీశాను. చింతపండు పులుసు, అందులో ఇంకేమీ లేదు. ఇంకోటి కాకరకాయ రసం, నోరంతా చేదు విషమైపోయింది. చివరిది బెల్లం నీళ్ళు.

నాకు తల తిరిగిపోయింది. పరాయి మగాణ్ణి వల్లో వేసుకునే ఆడది పాయసం పెడుతుంది, లేకపోతే కోడికూర పెడుతుంది. ఉప్పునీళ్ళు, కాకరకాయ రసం పెట్టి వల పన్నే ఆడది ఉంటుందని నేను ఏ కథలోనూ వినలేదు. మందేమో, మంత్రమేమో అని కూడా అనుమానం వచ్చింది. ఆవిడ మొహం చూస్తే అలాగా లేదు. చేతులకు పసుపు, నుదుటి మీద చెమట, జబ్బ మీద ఎప్పుడో నూనె చిట్లిన మచ్చలు. ఒళ్ళు వంచి పనిచేసే మనిషిలాగే ఉంది.

"ఇదేం సరసం?" అన్నాను. నా గొంతులో ఇందాకటి ఊపు లేదు.

ఆవిడ మా ఆయన వైపు చూసి, "మీరు చెప్తారా, నన్ను చూపించమంటారా?" అని అడిగింది. ఆయన తల దించుకున్నారు. ఆవిడ లేచి పొయ్యిలో కొబ్బరి చిప్పలు ఎగదోసి, ఇనప మూకుడు పెట్టి నూనె పోసింది. నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి పడేసింది. అవి ఎర్రబడ్డాయి. తీస్తుందనుకున్నాను, తీయలేదు. నల్లబడ్డాయి. తీయలేదు. పొగ లేచింది. నాకు గొంతు పట్టేసి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ముందు వైపు బల్లల దగ్గర తింటున్నవాళ్ళెవరో "ఏంటమ్మా, ఏదో మాడుతోంది!" అని కేకేశారు.

ఆవిడ ఆ మూకుడు పట్టకారుతో ఎత్తి మా ఆయన ముందుకు తెచ్చింది. "కళ్ళు మూసుకోండి మేస్త్రి గారూ. ఏమిటిది?"

ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆవిరిని అరచేత్తో ముక్కు వైపు విసురుకున్నారు, పెళ్ళి పందిట్లో విసురుకున్నట్టే, అదే ఒడుపుతో. ఊపిరి లోపలికంటా పీల్చారు. నేను అంత దూరంలో దగ్గి చస్తుంటే ఆయనకు పొర కూడా పోలేదు.

"ఆవాలా?" అన్నారు.

నేను నవ్వబోయాను. నన్ను ఏడిపించడానికి ఇద్దరూ కలిసి ఆడుతున్న నాటకం అనుకున్నాను. ఆయన కళ్ళు తెరిచి మూకుట్లోకి చూసి, ఆ నల్లటి రెబ్బలు చూసి, మళ్ళీ తల దించుకున్నారు. అప్పుడు నా నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

"ఏమండీ?" అన్నాను.

"పోయిందే" అన్నారు. "వాసన పోయింది. పువ్వు లేదు, పెంట లేదు. నాకన్నీ ఒకటే."

 పక్కనున్న నీళ్ళ బిందె పట్టుకుని కూలబడ్డాను. ఆవిడ తుడిచి పెట్టిన పీట మీదే కూర్చున్నానని తర్వాత తెలిసింది.

"ఎప్పటి నుంచి?"

"వానాకాలంలో జ్వరం వచ్చింది చూడు. అప్పటి నుంచి."

"జ్వరం తగ్గిపోయింది కదండీ! లేచి పెళ్ళిళ్ళు కూడా చేశారు కదా!"

"జ్వరం తగ్గింది. ఇది తిరిగి రాలేదు."

వానాకాలం తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళు వండారు! ఒక్క మాట రాలేదు ఎవరి నుంచీ. ఎలా వండారు? చేతి అలవాటు మీద వండారా? అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. వానాకాలం నుంచే ఆయన నన్ను పొయ్యిల దగ్గరికి రానివ్వడం మొదలెట్టారు. అంతకుముందు నేను గరిటె ముట్టుకుంటే గయ్యిమనేవారు. వండుతూ రుచి చూస్తానని, ఎంగిలి పీనుగనని తిట్టేవారు. అలాంటిది జ్వరం తగ్గాక, "ఇలా రా, పోపు వేగిందంటావా?" అనేవారు. "సాంబారు ఏమంటోంది? నువ్వు చెప్పు" అనేవారు. నేను చీర సర్దుకుని మహారాణిలా వెళ్ళి చెప్పేదాన్ని. ఇన్నేళ్ళకు ఈయనకు నా విలువ తెలిసొచ్చిందని మా వీధంతా చెప్పుకున్నాను. మా చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

విలువా కాదు, పాడూ కాదు. నా ముక్కు అరువు తెచ్చుకున్నారు. ఆ సంగతి నాకే చెప్పకుండా తెచ్చుకున్నారు. కోపం రావాలి. వచ్చింది కూడా. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. నేను లేకపోతే ఆ పెళ్ళిళ్ళు గడిచేవి కావు కదా? అంటే నాకు విలువ ఉన్నట్టా, లేనట్టా? ఏడవాలో, మురిసిపోవాలో, మూకుడు తీసుకుని ఆయన నెత్తిన బోర్లించాలో నాకేమీ తోచలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. "పక్కలో పడుకునేదాన్ని నేను. దారిన పోయే ఆవిడకు చెప్పుకున్నారా?"

"నాకు ఆయన చెప్పలేదక్కా, నేనే పట్టుకున్నా" అంది పాకావిడ. "మొదటిసారి వచ్చి అదిగో ఆ బల్ల దగ్గర కూర్చున్నారు. చేపల కూర, అన్నం పెట్టా. నేను మాటల్లో పడి పొయ్యి మీద పాలు మర్చిపోయా. అడుగంటి కంపు కొట్టింది. తింటున్నవాళ్ళందరూ కంచాలు వదిలేసి లేచారు. ఈయనొక్కరూ వంచిన తల ఎత్తకుండా తింటూనే ఉన్నారు. మా అమ్మకూ ఇలాగే అయ్యింది. అందుకే నాకు తెలిసిపోయింది. అందరూ వెళ్ళాక దగ్గర కూర్చుని మెల్లగా అడిగా. పాపం, కంచంలో చెయ్యి అలాగే ఉంచేసి ఏడ్చేశారు."

"ఏడ్చారా?" అన్నాను. అత్తగారు పోయినప్పుడు కూడా కంటతడి పెట్టని మనిషి. నా ముందు ఎన్నడూ ఏడవలేదు. ఈవిడ ముందు ఏడ్చారు, అదీ తిన్న చెయ్యి కడుక్కోకుండా. నాకు ఆ మాట వెల్లుల్లి పొగ కంటే ఘాటుగా తగిలింది.

"ముక్కు పోతే నాలుక పోదు కదా మేస్త్రి గారూ అన్నా" అంది ఆవిడ. "ఉప్పు, పులుపు, చేదు, తీపి, కారం నాలుకకు తెలుస్తాయి. ఆయన ఇన్నేళ్ళూ దానికి పని చెప్పలేదు. అందుకే దాన్ని చిన్నపిల్లని బడిలో వేసినట్టు వేశాం. రోజూ వచ్చి నేర్చుకుంటున్నారు. ఉప్పు ఎంత పడిందో ఇప్పుడు కొద్దికొద్దిగా చెప్పగలుగుతున్నారు."

"నేను నేర్పలేనా? రుచి చూడటం నాకు రాదా? దానికే కదా ఇన్నాళ్ళూ తిట్లు తిన్నాను!"

మా ఆయన అప్పుడు తల ఎత్తారు. "నీకు చెప్తే ఇంకేమైనా ఉందా? నీ నోట్లో నువ్వుగింజ నానదు. నిన్న పొద్దున ఫలహారాల దగ్గర ఆ హోటలాయనకు ఏం చెప్పావు? అడిగాడా నిన్ను?"

అడగలేదు. నేనే చెప్పాను. మా ఆయన ఆవిరి చూసి ఉప్పు చెప్తారండీ, మూత తీయకుండానే అడుగంటిందో లేదో చెప్తారండీ, అలాంటి ముక్కు ఇంకొకరికి లేదండీ అని, ఆయన ఇడ్లీ చల్లారిపోయేదాకా చెప్పాను. అల్లుడు మురిసిపోయాడు. మా అమ్మాయి మాత్రం "చాల్లే అమ్మా" అంది.

"అది గొప్పగా చెప్పుకునే సంగతే కదండీ" అన్నాను నెమ్మదిగా.

"అందుకే చెప్పలేకపోయాను" అన్నారు. "నువ్వు నన్ను చూసి ఎప్పుడు మురిసిపోయినా ఆ ముక్కు చూసే. నాకు చదువు లేదు, మాట తీరు లేదు. నీకు నేను ఒక మంచి చీర కొన్నది లేదు, నాలుగూళ్ళు తిప్పింది లేదు. ఆ ఒక్కటీ పోయిందని చెప్తే ఇక నన్ను చూసి నువ్వు దేనికి మురుస్తావు? నాకు భయమేసింది."

మా ఆయన నోటి నుంచి భయం అన్న మాట నేను వినడం అదే మొదలు.  పక్కన పరాయి మనిషి ఉంది. చేపల బుట్ట మీద కప్పిన తడి గోనెపట్టా మీద ఈగలు ముసురుతున్నాయి. "ఛీ, ఏం మాటలవి" అని మాత్రం అన్నాను. కళ్ళు తుడుచుకుంటే పొగ వల్లే అనుకుంటారులే అని తుడుచుకున్నాను. నిజం చెప్తున్నాను, వేరే ఆడదైనా బాగుండేది. జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని, నాలుగు తిట్టేదాన్ని, మొగుణ్ణి ఇంటికి లాక్కుపోయేదాన్ని. పోయిన వాసనను ఏ జుట్టు పట్టుకుని లాక్కు రావాలి?

అంతలో అసలు గొడవ గుర్తొచ్చి ఉలిక్కిపడ్డాను. "మరి అల్లుడు? ఉద్యోగం మానేసి కూర్చున్నాడండీ! మీ పేరు చెప్పే కదా ఆ హోటలాయన దగ్గర మాట తీసుకోబోతున్నాడు? వాళ్ళ సంసారం ఏమైపోతుంది?"

"అందుకే కదే ఈ వయసులో కాకరకాయ రసం తాగుతోంది."

"నాలుకతో అడుగంటిన వాసన తెలుస్తుందా? నూనె చెడిపోతే తెలుస్తుందా?"

ఆయన పాకావిడ వైపు చూశారు. ఆవిడ మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"సరే, నేనున్నాను కదా" అన్నాను. "ఆ వంటింట్లో మీ పక్కనే ఉంటాను. మీరు విసురుకోండి, నేను చెప్తాను. ఎవరికీ తెలియదు. మన ముగ్గురికే."

"అబద్ధం మీద పొయ్యి వెలిగించమంటావా?"

"ఇన్నాళ్ళూ వెలిగించింది దేని మీద?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన మొహం ముడుచుకుపోయింది. "ఇంకెవరికైనా తెలుసా?" అని మాట మార్చాను. "లేదు, ఎవరికీ చెప్పలేదు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. సిగ్గుపడుతున్నారనుకున్నాను.

"మామయ్యగారూ! ఇక్కడున్నారా?"

అల్లుడి గొంతు. వెనకే మా అమ్మాయి, ఆ వెనక హోటల్ యజమాని. యజమాని చేతిలో స్టీలు క్యారియర్ ఉంది. అల్లుడు పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా తల దువ్వుకుని, నవ్వుతూ ఉన్నాడు. అమ్మాయి మొహం వాడిపోయి ఉంది. ఎండకనుకున్నాను.

"మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాం మేస్త్రి గారూ" అన్నాడు యజమాని. పెద్దమనిషి, మాట మెత్తన. "ఇవాళ మా వంటవాడు చేసిన కూర తెచ్చాను. ఇందులో ఏదో తేడా ఉంది. నిన్న అమ్మగారు మీ గురించి అంత చెప్పారు కదా. ఒక్కసారి ఆవిరి చూసి అదేమిటో చెప్పండి. ఆ తర్వాత మన మాట ఖాయం చేసుకుందాం."

నా నోరు పడిపోను! ఇడ్లీ తింటున్న మనిషిని తిననివ్వకుండా నేను చెప్పిన గొప్పలే క్యారియర్‌లో సర్దుకుని తెచ్చాడు.

అందరూ పీటలు, బల్లలు సర్దుకుంటుంటే నేను మా ఆయన చెవి దగ్గరికి వంగాను. "నేను దగ్గుతాను. ఒకసారి దగ్గితే ఉప్పు, రెండుసార్లు దగ్గితే అడుగంటినట్టు." ఆయన క్యారియర్ వైపే చూస్తున్నారు. విన్నారో లేదో కూడా తెలియలేదు.

యజమాని క్యారియర్ గిన్నె మూత తీశాడు. కొబ్బరి పాలు పోసి వండిన చేపల కూర. మూత తీసీ తీయగానే నాకు తెలిసిపోయింది. అడుగంటింది. పైకి తెల్లగా, అందంగా ఉంది. మాడిన కంపు మాత్రం గుప్పున కొట్టింది. చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. నేను దగ్గాను. ఒకసారి. రెండోసారి కూడా దగ్గాను, గట్టిగా.

"మంచినీళ్ళు కావాలా అత్తయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

మా ఆయన గిన్నె మీదికి వంగారు. ఆవిరిని అరచేత్తో విసురుకున్నారు. అల్లుడు కళ్ళార్పకుండా చూస్తున్నాడు, గుడిలో హారతి చూస్తున్నట్టు. మా ఆయన చెయ్యి ఆగింది. నా వైపు చూడలేదు. పాకావిడ వైపూ చూడలేదు. నెమ్మదిగా చూపుడు వేలు కూరలో ముంచి, నాలుక మీద రాసుకున్నారు.

"మామయ్యగారూ!" అన్నాడు అల్లుడు బిత్తరపోయి. ఆయన కూరలో వేలు ముంచి రుచి చూసి చెప్పడం మా ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు.

"ఉప్పు సరిపోయింది" అన్నారు ఆయన. "పులుపు చుక్క ఎక్కువైంది. కారం చాలదు. ఇంతవరకే నాకు తెలుస్తోంది. ఇందులో ఇంకేదో తేడా ఉందని అందరి మొహాలూ చూస్తే తెలుస్తోంది గానీ, అదేమిటో నాకు తెలీదు బాబూ. నాకు వాసన పోయింది. పోయి చాలా కాలమైంది. మా ఆవిడ నిన్న మీకు చెప్పినవన్నీ ఒకప్పటి మాటలు. ఆవిడకు తెలియక చెప్పింది. తప్పు నాది, ఆవిడది కాదు."

అయిపోయింది. అల్లుడి ఉద్యోగం, వాళ్ళ సంసారం, మా పరువు, అన్నీ ఒక్క వేలితో తుడిచేశారు. అయినా ఆ క్షణంలో ఆయన్ని చూస్తే నాకు కోపం రాలేదు. నన్ను వెనకేసుకొచ్చారు, నలుగురిలో. ఈ మనిషిని చూసి దేనికి మురవాలో ఇందాక అడిగారు కదా, ఇందుకు అని చెప్పాలనిపించింది. చెప్పే చోటు కాదని ఊరుకున్నాను.

అల్లుడు పకపకా నవ్వాడు. "మామయ్యగారు భలే పరాచికాలాడతారండీ" అన్నాడు యజమానితో. యజమాని నవ్వలేదు. గిన్నె మీద మూత పెట్టేశాడు.

"పరాచికం కాదు బాబూ. మేస్త్రి గారి సంగతి నాకు ముందే తెలుసు. ఒప్పుకుంటారో, దాచిపెడతారో చూద్దామనే తెచ్చాను."

 అందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. తిరగరూ మరి! మా ఇంట్లో ఏ మాట బయటికి పోయినా నా గుమ్మంలోంచే పోతుంది. "నా మీద ఒట్టు! నాకే ఇప్పుడు తెలిసింది!" అని అరిచాను. జీవితంలో మొదటిసారి ఏ పాపం ఎరగకుండా నిలబడ్డాను, నమ్మేవాడు ఒక్కడూ లేడు. పాకావిడ వైపు చూశాను. ఆవిడ రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"నేనే చెప్పాను" అంది మా అమ్మాయి.

అల్లుడి నవ్వు మొహం మీదే ఎండిపోయింది. "నువ్వా? ఎందుకు? మన బతుకు దీని మీదే ఉందని తెలిసి కూడానా?" అన్నాడు. అమ్మాయి వాడికి జవాబు చెప్పలేదు. నన్నే చూస్తోంది.

"నీకెప్పుడు తెలిసిందే?" అన్నాను.

"మొదటి నుంచీ తెలుసమ్మా. నాన్న నాకే చెప్పారు. నీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నారు."

ఎవరికీ చెప్పలేదన్నారు కదా! ఇందాకే, ఈ పీట మీదే కూర్చుని! నేను ఆయన వైపు తిరిగేసరికి ఆయన లేచి నిలబడి ఉన్నారు. నా వైపు చూడటం లేదు. అమ్మాయి వైపు రెండు చేతులూ జోడించారు. తండ్రి కూతురికి దండం పెట్టడం చూసి నాకు ఒళ్ళు జలదరించింది.

"వద్దు చిట్టీ" అన్నారు. "మీ అమ్మతో చెప్పొద్దు."

"ఇక నా వల్ల కాదు నాన్నా. ఆ హోటల్లో చేరితే మీరు ఊరికి రారు. ఆస్పత్రికీ రారు. అందుకే చెడగొట్టాను" అంది అమ్మాయి. వచ్చి నా చెయ్యి పట్టుకుంది. దాని వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"అమ్మా, వాసన జ్వరం వల్ల పోయిందని చెప్పారా నీకు?"